33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో రిలే సెట్టింగులు ఎలా పెట్టాలి: ఫీడర్ నుంచి పీటీఆర్ దాకా

ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే 11 కేవీ లైన్) పదేపదే ట్రిప్ అవుతుంటే సబ్‌స్టేషన్‌లో ముందుగా వినిపించే మాట, “సెట్టింగ్ కొంచెం పెంచుదాం సార్”. పెంచితే ట్రిప్పింగులు తగ్గుతాయి, నిజమే. కానీ ఆ పెంచిన సెట్టింగ్ ఎవరి పొలంలోనో తెగిపడిన తీగను గుర్తించలేకపోవచ్చు. లేదా ఫీడర్ బ్రేకర్‌తో పోవాల్సిన ఫాల్ట్ పీటీఆర్ (పవర్ ట్రాన్స్‌ఫార్మర్) దాకా వెళ్లి మొత్తం సబ్‌స్టేషన్‌ను చీకటి చేయొచ్చు. ఫాల్ట్‌ను గుర్తించి బ్రేకర్‌ను ట్రిప్ చేయించేది రిలే. అందులో పెట్టే ప్రతి అంకె వెనక ఒక లెక్క ఉండాలి. ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. డిప్లొమా చదివినవారు ఎవరైనా ఒక పూట కూర్చుంటే ఒక సబ్‌స్టేషన్‌కు పూర్తి చేయవచ్చు.

ఈ వ్యాసంలో ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా తీసుకుందాం: ఒక 5 ఎంవీఏ పీటీఆర్, దాని కింద 11 కేవీ ఫీడర్లు. అంకెలు మీ సబ్‌స్టేషన్‌వి వేసుకోండి, పద్ధతి ఇదే. లెక్క మీరు చేసినా, దాన్ని రిలేలో పెట్టే ముందు మీటర్లు, రిలేల పరీక్షలు చూసే ఎంఆర్‌టీ విభాగానికి చూపించి అనుమతి తీసుకోండి. పై సబ్‌స్టేషన్‌లోని 33 కేవీ ఫీడర్ రిలేతో మీ సమయాలు కుదరాలి కాబట్టి ఇది తప్పనిసరి.

ముందు సేకరించాల్సిన వివరాలు

పీటీఆర్ నేమ్‌ప్లేట్ నుంచి కెపాసిటీ, వెక్టర్ గ్రూపు, శాతం ఇంపిడెన్స్ రాసుకోండి. మన ఉదాహరణలో 5 ఎంవీఏ, డీవైఎన్11 (డెల్టా-స్టార్), 7.15 శాతం. 33 కేవీ బస్ దగ్గర ఫాల్ట్ లెవెల్ ఎంతో పై అధికారుల నుంచి తెలుసుకోండి, ఇక్కడ 250 ఎంవీఏ అనుకుందాం. సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) నిష్పత్తులు: ఫీడర్‌కు 200/1, పీటీఆర్ ఎల్వీ (11 కేవీ) వైపు 400/1, హెచ్వీ (33 కేవీ) వైపు 100/1. సీటీ నిష్పత్తిని డ్రాయింగ్ చూసి రాసుకోవద్దు. సీటీకి రెండు మూడు ట్యాపులు ఉంటే ఏ ట్యాపుకు వైర్లు కట్టారో టెర్మినల్ బాక్సులో కళ్లతో చూడాలి, అదీ లైన్ క్లియర్ (సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, ఎర్త్ రాడ్ వేశాక.

ఫీడర్ గరిష్ఠ లోడ్‌ను లాగ్ షీట్ నుంచి తీయండి. ఒక నెలది సరిపోదు, ఏడాది మొత్తం చూడండి. యాసంగిలో మోటార్లు నడిచే రోజులకూ వానాకాలానికీ చాలా తేడా ఉంటుంది. మన ఫీడర్‌కు గరిష్ఠంగా 120 ఆంపియర్లు, పొడవు 8 కిలోమీటర్లు, రాబిట్ కండక్టర్.

ఫాల్ట్ కరెంట్ లెక్క

అన్నిటినీ 11 కేవీ వైపు ఓముల్లోకి మార్చుకుంటే పని తేలిక. 11 వర్గం 121. దాన్ని 250తో భాగిస్తే సోర్స్ ఇంపిడెన్స్ 0.484 ఓములు. 121ని 5తో భాగించి 0.0715తో గుణిస్తే పీటీఆర్ ఇంపిడెన్స్ 1.73 ఓములు. రెండూ కలిపితే 2.214. ఫేజ్ వోల్టేజి 6351ని దీనితో భాగిస్తే 11 కేవీ బస్ మీద మూడు ఫేజుల ఫాల్ట్ కరెంట్ 2868 ఆంపియర్లు వస్తుంది.

లైన్ చివర ఎంతో కూడా కావాలి. రాబిట్‌కు కిలోమీటరుకు సుమారు 0.55 ఓముల రెసిస్టెన్స్, 0.36 ఓముల రియాక్టెన్స్ వేసుకోండి. 8 కిలోమీటర్లకు రెసిస్టెన్స్ 4.4. రియాక్టెన్స్ 2.88కి సోర్స్, పీటీఆర్‌ల 2.214 కలిపితే 5.09. వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 6.73 ఓములు, అంటే సుమారు 943 ఆంపియర్లు. రెండు ఫేజుల మధ్య ఫాల్ట్ అయితే దీనిలో 0.866 వంతు, 817 ఆంపియర్లు. బస్ దగ్గర 2868, చివర 817. మన రిలే ఈ రెండు అంకెలకూ సరిపోవాలి.

ఫీడర్ ఓవర్ కరెంట్

ఎప్పుడూ కింది నుంచి పైకి వెళ్లాలి. ముందు ఫీడర్, తర్వాత ఎల్వీ, ఆ తర్వాత హెచ్వీ. ఫాల్ట్‌కు దగ్గరగా ఉన్న బ్రేకర్ ముందు పడాలి, పైది దానికి అవకాశం ఇచ్చి ఆగాలి.

ప్లగ్ సెట్టింగ్ (రిలే కదలడం మొదలయ్యే కరెంట్) గరిష్ఠ లోడ్‌కు సుమారు 1.25 రెట్లు: 150 ఆంపియర్లు, అంటే 200/1 సీటీ మీద 75 శాతం. లైన్ చివరి ఫాల్ట్ 817 ఆంపియర్లు దీనికి 5.4 రెట్లు కాబట్టి రిలే దాన్ని స్పష్టంగా గుర్తిస్తుంది. ఈ నిష్పత్తి 1.5 కంటే తగ్గితే మాత్రం అక్కడితో ఆగండి. అంత పొడవైన ఫీడర్‌కు సెట్టింగ్‌తో పరిష్కారం లేదు, మధ్యలో ఇంకో బ్రేకరో రీక్లోజరో పెట్టాలి.

సమయం లెక్కకు ఐఈసీ నార్మల్ ఇన్వర్స్ వక్రరేఖ వాడతాం. ఫాల్ట్ కరెంట్ సెట్టింగ్‌కు ఎన్ని రెట్లో చూడండి, దాన్ని పీఎస్ఎమ్ అంటారు. పీఎస్ఎమ్‌ను 0.02 ఘాతానికి ఎత్తి ఒకటి తీసేయండి. 0.14ను ఆ వచ్చినదానితో భాగించి టైమ్ మల్టిప్లయర్‌తో (రిలే సమయాన్ని పెంచే, తగ్గించే సెట్టింగ్) గుణిస్తే సెకన్లు వస్తాయి. ఫోన్‌లోని సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. మల్టిప్లయర్ 1 ఉన్నప్పుడు 2 రెట్ల దగ్గర 10.03 సెకన్లు, 5 రెట్ల దగ్గర 4.28, 10 రెట్ల దగ్గర 2.97, 20 రెట్ల దగ్గర 2.27. ఈ నాలుగూ కంఠస్థం చేసుకుంటే సైట్‌లో చాలా పనికొస్తాయి.

బస్ ఫాల్ట్ 2868 మన సెట్టింగ్‌కు 19.1 రెట్లు. మల్టిప్లయర్ 0.1 పెడితే 0.23 సెకన్లు. లైన్ చివరి ఫాల్ట్‌కు 0.41 సెకన్లు. రెండూ బాగున్నాయి.

పీటీఆర్ ఎల్వీ, తర్వాత హెచ్వీ

పీటీఆర్ ఫుల్ లోడ్ కరెంట్ 11 కేవీ వైపు 262 ఆంపియర్లు, 33 కేవీ వైపు 87.5. ఎల్వీ ప్లగ్ 80 శాతం, అంటే 320 ఆంపియర్లు. బస్ ఫాల్ట్ దీనికి 8.96 రెట్లు. ఫీడర్ 0.23 సెకన్లకు పడుతుంది, దానికి 0.3 కలిపితే 0.53. అంత సమయం రావాలంటే మల్టిప్లయర్ 0.17.

ఆ 0.3 సెకన్లలో బ్రేకర్ తెరుచుకునే సమయం, రెండు రిలేల పొరపాట్లు, సీటీల పొరపాటు, కొంత భద్రత అన్నీ ఇమడాలి. రెండూ న్యూమరికల్ (డిజిటల్) రిలేలైతే 0.3 సరిపోతుంది. ఒక్కటైనా పాత డిస్క్ రకం, సీడీజీ లాంటిది ఉంటే 0.4 ఇవ్వండి. కరెంట్ ఆగినా ఆ డిస్క్ ఊపు మీద కొంచెం ముందుకు తిరుగుతుంది.

హెచ్వీ ప్లగ్ 110 శాతం, 110 ఆంపియర్లు. బస్ ఫాల్ట్ 33 కేవీ వైపు మూడో వంతుగా, 956 ఆంపియర్లుగా కనిపిస్తుంది, అంటే 8.69 రెట్లు. మల్టిప్లయర్ 0.27 పెడితే 0.86 సెకన్లు, ఎల్వీకి 0.32 తేడా వచ్చింది కదా అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ పీటీఆర్ డెల్టా-స్టార్ అన్న సంగతి మరవకూడదు. 11 కేవీలో రెండు ఫేజుల మధ్య ఫాల్ట్ అయితే ఎల్వీ రిలేకు 0.866 వంతే కనిపిస్తుంది, 33 కేవీ వైపు మాత్రం ఒక ఫేజులో పూర్తి 956 ఆంపియర్లు పారతాయి. అప్పుడు ఎల్వీ 0.57 సెకన్లు తీసుకుంటే హెచ్వీ 0.86కే పడుతుంది, తేడా 0.29. అందుకే 0.28 పెట్టండి, హెచ్వీ సమయం 0.89 అవుతుంది.

ఆ పూర్తి కరెంట్ మోసే ఫేజు ఏదైనా కావచ్చు. హెచ్వీ వైపు రెండు ఓవర్ కరెంట్, ఒక ఎర్త్ ఫాల్ట్ అమరిక ఉన్న పాత ప్యానెళ్లలో అది రిలే లేని ఫేజు అయితే మిగతా రెండింటికీ సగమే కనిపిస్తుంది. హెచ్వీకి మూడు ఫేజుల్లోనూ ఓవర్ కరెంట్ ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

హెచ్వీలో హైసెట్ (పెద్ద కరెంట్‌కు ఆలస్యం లేకుండా ట్రిప్ చేసే అంశం) కూడా పెట్టాలి. 33 కేవీ బుషింగ్ దగ్గర వచ్చే ఫాల్ట్‌కు 0.89 సెకన్లు ఆగడం ట్రాన్స్‌ఫార్మర్‌కు మంచిది కాదు. కానీ 11 కేవీ ఫాల్ట్‌కు ఈ హైసెట్ కదలకూడదు. 956కు 1.3 రెట్లు, సుమారు 1250 ఆంపియర్లు పెట్టండి. చార్జ్ చేసేటప్పుడు (సరఫరా ఇచ్చేటప్పుడు) ఒక్కసారిగా వచ్చే ఇన్‌రష్ కరెంట్‌ను ఫుల్ లోడ్‌కు పది రెట్లు అనుకున్నా 875, కాబట్టి అక్కడా ఇబ్బంది లేదు. 33 కేవీ వైపు అసలు ఫాల్ట్ 4374 ఆంపియర్లు. వెంటనే పడిపోతుంది.

ఎల్వీలో మాత్రం హైసెట్ పెట్టొద్దు. ఎల్వీ రిలేకు బస్ ఫాల్ట్‌కూ, ఫీడర్ మొదటి స్తంభం దగ్గర ఫాల్ట్‌కూ కరెంట్‌లో తేడా తెలియదు. హైసెట్ పెడితే ఒక ఫీడర్ ఫాల్ట్‌కు ఊళ్లన్నిటికీ కరెంట్ పోతుంది.

పీటీఆర్ లోపలి ఫాల్టులకు బుకోల్జ్ రిలే (ఆయిల్‌లో పుట్టే గ్యాస్‌ను గుర్తించేది), ఆయిల్, వైండింగ్ టెంపరేచర్ రక్షణలు వేరే ఉన్నాయి. బుకోల్జ్ ట్రిప్ వస్తే ఎవరు ఎంత ఒత్తిడి పెట్టినా గ్యాస్ పరీక్ష, మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలత) చూడకుండా పీటీఆర్‌ను చార్జ్ చేయకండి.

ఎర్త్ ఫాల్ట్: ప్రాణాలకు సంబంధించిన సెట్టింగ్

ఎర్త్ ఫాల్ట్ రిలే మూడు ఫేజుల కరెంట్ల మొత్తాన్ని చూస్తుంది. లోడ్ ఎంత ఉన్నా ఆ మొత్తం సున్నాకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ సెట్టింగ్‌ను లోడ్‌కు చాలా కిందకు తేవచ్చు. ఫీడర్‌కు 20 శాతం, అంటే 40 ఆంపియర్లు, మల్టిప్లయర్ 0.1. ఎల్వీకి 20 శాతం, 80 ఆంపియర్లు. స్టార్ న్యూట్రల్‌ను నేరుగా ఎర్త్ చేస్తాం కాబట్టి బస్ మీద ఎర్త్ ఫాల్ట్ కరెంట్ 3000 ఆంపియర్లు దాటుతుంది. రెండు రిలేలకూ అది 20 రెట్ల కంటే ఎక్కువ. ఆ పైన చాలా రిలేల్లో సమయం ఇక తగ్గదు కాబట్టి 20 రెట్ల అంకె 2.27నే వాడండి, మీ రిలే మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఫీడర్ 0.23 సెకన్లు, ఎల్వీకి మల్టిప్లయర్ 0.24 పెడితే 0.54.

హెచ్వీ ఎర్త్ ఫాల్ట్ సంగతి వేరు. 11 కేవీ ఎర్త్ ఫాల్ట్‌లో భూమి గుండా పోయే కరెంట్ డెల్టా దాటి 33 కేవీ వైపుకు రాదు. కాబట్టి కింది రిలేలతో పోటీ లేదు, 20 శాతం, 0.1 పెట్టవచ్చు. పూర్తిగా ఆలస్యం లేకుండా పెడితే చార్జింగ్ ఇన్‌రష్‌లో సీటీలు సమానంగా పనిచేయక ఊరికే పడిపోవచ్చు. ఆ కొద్ది ఆలస్యం అందుకే.

ఇప్పుడు అసలు విషయం. తీగ తెగి ఎండిన నేల మీదో, కంకర రోడ్డు మీదో పడిందనుకోండి. అక్కడ రెసిస్టెన్స్ 500 ఓములు ఉంటే 6351ని 500తో భాగించండి, 12.7 ఆంపియర్లు. మన 40 ఆంపియర్ల రిలే దీన్ని గుర్తించదు. తీగ నేల మీద ఉంటుంది, అందులో కరెంట్ ఉంటుంది, సబ్‌స్టేషన్‌లో రిలే పనిచేసిందని చూపే ఏ ఫ్లాగూ పడదు. రైతులు, పశువులు చనిపోయే ప్రమాదాల్లో ఇదొక ప్రధాన కారణం. సెట్టింగ్‌ను 40 నుంచి 80కి పెంచమని అడిగేవారికి ఈ ఒక్క లెక్క చూపించండి.

పెంచకపోవడంతో సరిపెట్టకుండా తగ్గించగలమా అని కూడా చూడాలి. దానికి ముందు ఫీడర్‌లో సహజంగా ఉండే అసమతౌల్యం ఎంతో కొలవండి. న్యూమరికల్ రిలే తెర మీద న్యూట్రల్ కరెంట్ కనిపిస్తుంది, లోడ్ ఎక్కువ ఉన్న వేళ, తక్కువ ఉన్న వేళ రెండుసార్లూ రాసుకోండి. ఫేజ్‌కూ భూమికీ మధ్య కట్టిన చిన్న సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న ఫీడర్లలో ఇది గణనీయంగా ఉంటుంది. అలాంటివి లేని ఫీడర్‌లో కొలత 5 ఆంపియర్ల లోపే ఉంటే 10 శాతానికి, అంటే 20 ఆంపియర్లకు దింపవచ్చు. ఇంకా తక్కువకు వెళ్లాలంటే రిలేలో సెన్సిటివ్ ఎర్త్ ఫాల్ట్ అంశం ఉందేమో చూసి, కొన్ని సెకన్ల ఆలస్యంతో పెట్టండి. తెగిన కండక్టర్‌ను గుర్తించే అంశం చాలా న్యూమరికల్ రిలేల్లో ఉంటుంది. నెగటివ్ సీక్వెన్స్ కరెంట్‌కూ పాజిటివ్ సీక్వెన్స్‌కూ ఉన్న నిష్పత్తిని అది చూస్తుంది. చాలా చోట్ల దాన్ని ఆన్ చేయకుండా వదిలేస్తారు. కనీసం అలారంగానైనా పెట్టుకోండి.

ఎర్త్ ఫాల్ట్ ఫ్లాగ్‌తో ఫీడర్ పడితే వెంటవెంటనే చార్జ్ చేసి చూడటం మానాలి. తెగిన తీగ చుట్టూ ఆ సమయానికి జనం చేరి ఉండొచ్చు. లైన్‌మన్‌కు ఫోన్ చేసి, లైన్ చూశాకే బ్రేకర్ వేయాలి.

ఆటో స్టార్టర్లున్న వ్యవసాయ ఫీడర్లు

త్రీఫేజ్ సరఫరా రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆ క్షణంలో 450 ఆంపియర్లు పారితే మన రిలేకు అది 3 రెట్లు, 0.63 సెకన్లలో ట్రిప్. మోటార్లు వేగం అందుకోవడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఆపరేటర్ మళ్లీ వేస్తాడు, మళ్లీ పడుతుంది. సెట్టింగ్ పెంచమనే ఒత్తిడి ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది.

ప్లగ్‌ను 300కు తీసుకెళ్లడం దీనికి మందు కాదు. న్యూమరికల్ రిలే అయితే కోల్డ్ లోడ్ పికప్ అంశం వాడండి. ఫీడర్ కొంతసేపు ఆగి ఉన్నాక చార్జ్ చేసినప్పుడు మాత్రమే కొన్ని సెకన్లు సెట్టింగ్‌ను పైకి జరిపి, తర్వాత తానే 150కి తెస్తుంది. ఆ అంశం లేకపోతే లైన్ మీద ఉండే ఏబీ స్విచ్‌లతో ఫీడర్‌ను భాగాలుగా చార్జ్ చేయండి. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు. భూగర్భ జలాలతో పాటు ఈ ఇబ్బంది కూడా దాంతో తగ్గుతుంది.

సీటీలు, బ్యాటరీ

5పీ20 సీటీ అంటే రేటెడ్ బర్డెన్ (సీటీ సెకండరీకి కట్టే రిలే, వైర్ల భారం) దగ్గర 20 రెట్ల వరకు నమ్మవచ్చని అర్థం. ఫీడర్ సీటీకి అది 4000 ఆంపియర్లు, మన ఫాల్ట్ 2868, సరిపోతుంది. హెచ్వీ సీటీకి 2000 మాత్రమే, ఫాల్ట్ 4374. న్యూమరికల్ రిలే బర్డెన్ చాలా తక్కువ కాబట్టి సీటీ ఇంకా పైకి పనిచేస్తుంది, మన హైసెట్ కూడా 12.5 రెట్ల దగ్గరే ఉంది. అయినా లీడ్ వైర్ల రెసిస్టెన్స్ కొలిచి సరిచూడండి.

కరెంట్ పారుతున్న సీటీ సెకండరీని ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు. వేల వోల్టులు రావచ్చు. టెస్ట్ టెర్మినల్ బ్లాక్‌లో ముందు షార్ట్ చేసి, తర్వాతే లింక్ విప్పండి.

రిలే ఎంత బాగా పనిచేసినా డీసీ లేకపోతే బ్రేకర్ పడదు. ఫాల్ట్ వచ్చినప్పుడు ఏసీ పోతుంది, ఆ క్షణంలో దిక్కు బ్యాటరీ ఒక్కటే. ప్రతి షిఫ్ట్‌లో ట్రిప్ హెల్దీ బల్బు నొక్కి చూడటం, చార్జర్ ఆపి బ్యాటరీ మీదే వోల్టేజి చూడటం, అన్నిటికంటే ముఖ్యంగా బ్యాటరీ మీదే బ్రేకర్‌ను ఒకసారి ట్రిప్ చేసి చూడటం అలవాటు చేయండి.

ఇంజెక్షన్ టెస్ట్, చార్జ్ చేశాక చూడాల్సినవి

సెట్టింగులు పెట్టాక సెకండరీ ఇంజెక్షన్ కిట్‌తో పరీక్షించండి. ఫీడర్ ఓవర్ కరెంట్ పికప్ 0.75 ఆంపియర్. 1.5 ఆంపియర్లు ఇస్తే ఒక సెకను, 3.75 ఇస్తే 0.43, 7.5 ఇస్తే 0.30 సెకన్లు రావాలి. ఎర్త్ ఫాల్ట్‌కు 0.2 ఆంపియర్ దగ్గర మొదలై అవే రెట్లకు అవే సమయాలు. ట్రిప్ లింక్ తీసి సమయాలు చూశాక, చివర లింక్ పెట్టి ప్రతి అంశానికీ బ్రేకర్ నిజంగా పడేలా ఒకసారి చేయండి. రిలే తెర మీద ట్రిప్ అని వస్తే చాలదు, బ్రేకర్ చప్పుడు వినాలి.

సీటీ పొలారిటీకి చిన్న బ్యాటరీ, మధ్యలో సున్నా ఉన్న మీటరు చాలు. మీటరు పాజిటివ్ ఎస్1కు కట్టి, బ్యాటరీ పాజిటివ్‌ను పీ1కు తాకించగానే ముల్లు కుడికి కొట్టాలి. ఒక సీటీ తిరగబడి ఉంటే చార్జ్ చేశాక న్యూట్రల్‌లో ఫేజ్ కరెంట్‌కు రెట్టింపు కనిపిస్తుంది: 100 ఆంపియర్ల లోడ్‌కు 200. ఎర్త్ ఫాల్ట్ ఫ్లాగ్‌తో ఫీడర్ పడిపోతుంది, లైన్ మీద ఎంత వెతికినా ఏమీ దొరకదు. కొత్త సీటీ పెట్టిన మర్నాడే ఇలా జరిగితే ముందు చూడాల్సింది లైన్ కాదు, సీటీ బాక్సు.

మళ్లీ లెక్క ఎప్పుడు వేయాలి

1965 నవంబర్ 9న అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడాలోని అంటారియోలో సుమారు 3 కోట్ల మంది చీకట్లో పడ్డారు. మొదలైంది నయాగరా దగ్గర సర్ ఆడమ్ బెక్ జలవిద్యుత్ కేంద్రంలోని ఒక రిలే దగ్గర. లైన్ మీద లోడ్ పెరుగుతూ వచ్చింది, రిలే సెట్టింగ్ మాత్రం తక్కువ దగ్గరే ఉండిపోయింది. ఫాల్ట్ లేకుండానే, మామూలు లోడ్‌కే అది పడింది. కాబట్టి ఏడాదికోసారి గరిష్ఠ లోడ్‌తో ప్లగ్‌ను పోల్చండి.

లోడ్ పెరగడం కంటే ఎక్కువ మార్పు తెచ్చేది రెండో పీటీఆర్. ఇంకో 5 ఎంవీఏ పీటీఆర్‌ను సమాంతరంగా కలిపితే మొత్తం ఇంపిడెన్స్ 1.349 ఓములకు దిగి, బస్ ఫాల్ట్ 4708 ఆంపియర్లకు ఎక్కుతుంది. ఫీడర్ రిలే మొత్తం 4708 చూస్తుంది, ఒక్కో ఎల్వీ రిలే సగం, 2354 చూస్తుంది. మల్టిప్లయర్లు మళ్లీ వేసుకోవాలి. 200/1 సీటీ 4000 దగ్గరే ఆగుతుంది కాబట్టి 400/1కు మార్చాల్సి రావచ్చు. అప్పుడు 150 ఆంపియర్ల ప్లగ్ 37.5 శాతం అవుతుంది. సీడీజీలో ఓవర్ కరెంట్ ప్లగ్ సాధారణంగా 50 శాతం నుంచే మొదలవుతుంది, అక్కడ న్యూమరికల్ రిలే పెట్టక తప్పదు.

సీటీ మార్చిన రోజున అందరూ ఓవర్ కరెంట్ గురించే ఆలోచిస్తారు. ఎర్త్ ఫాల్ట్ 20 శాతం అని రిజిస్టర్‌లో ఉన్నది అలాగే వదిలేస్తే, 40 ఆంపియర్లు ఎవరూ పెంచకుండానే 80 అయిపోతాయి. దాన్ని 10 శాతానికి దింపి, ఇంజెక్షన్ చేసి, కొత్త షీట్‌ను ప్యానెల్ తలుపు లోపల అంటించాకే ఫీడర్‌ను చార్జ్ చేయండి.